ఆటకూ వేళ ఉండాలి

తిరుమలలో శ్రీవారి ఆలయానికి దగ్గరలోనే హాథీరాంజీ మఠం ఉంది. 1843 నుంచి 1933 వరకు ఈ మఠం మహంతులే ఆలయ పాలన చూశారు. ఈ మఠానికి పేరైన హాథీరాం బావాజీ భక్తికి మెచ్చి స్వామి రాత్రిపూట వచ్చి ఆయనతో పాచికలాడేవాడని కథ. ఓనాడు స్వామి హారం అక్కడే మరచి వెళ్లాడు. దొంగతనం నింద బావాజీ మీద పడింది. బండెడు చెరకు గడలు తెల్లారేలోగా తిని నిజం నిరూపించుకోమన్నారు. స్వామే ఏనుగై వచ్చి గడలన్నీ నమిలేసి భక్తుణ్ని కాపాడాడు.

ఆట పాపమని మన కొండ ఏనాడూ చెప్పలేదు. దేవుడే ఆడాడు. అయితే ఆ దేవుడికీ ఒక దినచర్య ఉంది. తెల్లవారుజామున సుప్రభాతంతో మేల్కొలుపుతారు. రాత్రి ఏకాంత సేవలో భోగ శ్రీనివాసమూర్తిని పాన్పుపై పవళింపజేస్తారు, అన్నమయ్య వంశీకులు లాలి పాడతారు. లోకాన్ని కాచే స్వామికే నిద్రవేళ పెట్టారు మన పెద్దలు.

కొండ మీద సుప్రభాతం మొదలయ్యే సరికి కొండ కింద కొందరు పిల్లలు ఇంకా నిద్రే పోయి ఉండరు. ముసుగు దుప్పటి, లోపల ఫోన్ వెలుతురు, మెడ ఒంగి, బొటనవేళ్లు పరుగెడుతుంటాయి. పొద్దున సంగటి ముద్ద ముందు పెట్టినా చూపు ఫోన్ మీదే. ‘‘ఉండుమా, ఈ ఒక్క మ్యాచ్. మధ్యలో వదిలేస్తే ర్యాంకు పడిపోతుంది’’ అంటాడు పిల్లవాడు. పాచికలాట ఎక్కడో ఒకచోట ముగుస్తుంది. ఈ ఫోన్ ఆటల్లో ఒక మ్యాచ్ అవగానే ఇంకోటి పిలుస్తుంది.

ఆ పిలుపుకు మూల్యం కట్టేది ఒళ్లే. ఎదిగే వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అర్ధరాత్రి తెర వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారి మండుతాయి. మెడ, మణికట్టు నొప్పి పెడతాయి. కదలిక లేక ఒళ్లు వస్తుంది. 2020 ఆగస్టులో పశ్చిమ గోదావరి జిల్లాలో 16 ఏళ్ల అబ్బాయి తిండీ నీళ్లూ పట్టించుకోకుండా పబ్జీ ఆడి, నీరసించి ఆసుపత్రిలో ప్రాణం విడిచాడని పత్రికలు రాశాయి.

ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా మానకపోవడం: ఈ మూడూ సాధారణంగా ఏడాది పాటు సాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వ్యాధిగానే లెక్కిస్తుంది. 2022 జనవరి నుంచి ఆ వర్గీకరణ అమల్లో ఉంది. మితం మాట మనకు కొత్త కాదు. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు తిండి, తిరుగుడు, పని, నిద్ర, మెలకువ అన్నీ మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందన్నాడు. నిద్రను కూడా సాధనలో భాగం చేశాడు.

వ్యసనం మానతామని కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేయడం మన ప్రాంతపు ఆనవాయితీ. పిల్లవాణ్నీ తీసుకెళ్లండి, తప్పులేదు. కానీ తిట్టి, కొట్టి ఒట్టు వేయించవద్దు. ఒట్టుకు వ్యసనం లొంగకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడవద్దు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి వ్యసనాల కోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. సెలవురోజున అలిపిరి నుంచి 3,550 మెట్లు వాడితో కలిసి ఎక్కండి. ఈ రాత్రి నుంచే ఇంట్లో ఫోన్లన్నీ, మీవి కూడా, పడకగది బయట పెట్టండి.