పేతురు మారిన పంక్తి

పాఠ్యభాగము: గలతీ 2:11–16

ప్రియులారా, మన క్రియలను చూచి కాక, క్రీస్తునందలి విశ్వాసమునుబట్టియే దేవుడు మనలను నీతిమంతులుగా ఎంచునని ఆదివారపు బడినుండి వినుచున్నాము. ఆ సంగతి గలతీ 2:16లో ఉన్నదని అనేకులు గ్రంథము తెరవకుండనే చెప్పగలరు. అయితే పౌలు దానిని ఏ సందర్భమున పలికెనో గమనించితిరా? అది పండితుల సభలో పుట్టిన వాదము కాదు. భోజనపు పంక్తినిగూర్చి వచ్చిన తగవు.

సిరియా దేశపు అంతియొకయలో ఒక సంఘముండెను. శిష్యులకు క్రైస్తవులను పేరు మొదట వచ్చినది ఆ పట్టణములోనే (అపొ. కా. 11:26). అక్కడ యూదులును అన్యజనులును కలిసి భోజనము చేయుచుండిరి. పేతురును వారితో కూర్చుండి తినుచుండెను. ఇది ఆయనకు క్రొత్త సంగతి కాదు. యొప్పేలో మిద్దెమీద దర్శనము చూచినవాడు. కైసరయలో కొర్నేలి యింట అడుగు పెట్టినవాడు. దానినిగూర్చి యెరూషలేములో నిలదీసినప్పుడు, దేవునికి అడ్డుపడుటకు నేనెంతవాడనని జవాబు చెప్పినవాడు. అంతటివాడు, యాకోబు యొద్దనుండి కొందరు రాగానే భయపడి మెల్లగా వేరుపడెను. తక్కిన యూదులు ఆయన వెంట లేచిరి. చివరకు బర్నబాకూడ లేచెను.

పేతురు నమ్మిక మారలేదు. సిలువను కాదనలేదు, తప్పు బోధ ఒక్కటియు చేయలేదు. మన వాడుకలో చెప్పవలెనన్న, ఆయన విస్తరి మాత్రమే చోటు మారెను. పౌలు దానిని చిన్న తప్పుగా ఎంచక, సువార్త సత్యమునుబట్టి నడచుట లేదని తేల్చి చెప్పెను. గ్రీకు భాషలో అక్కడ వాడిన మాటకు పాదములు తిన్నగా వేయుట యని భావము. నోరు సువార్త వైపున, కాళ్లు వేరొక వైపున! అదియు అందరి యెదుటనే చెప్పెను. ఎవరి తప్పులనైనను వారు లేనప్పుడు అరుగులమీద మాటలాడుకొను మనకు ఈ పద్ధతి కొంత కష్టముగానే తోచును.

అట్లయిన రక్షణకు విశ్వాసము కొంత, విధేయత కొంత వెల చెల్లింపవలెనా? లేదు. అన్యులతో తినుము, అప్పుడు రక్షింపబడుదువని పౌలు అనలేదు. నీవును విశ్వాసమువలననే అంగీకరింపబడితివి, వారును విశ్వాసమువలననే. ఇక ఈ రెండవ పంక్తి ఎక్కడిదని అతని వాదము. వేరుగా కూర్చుండుటవలన, వీరికి క్రీస్తు ఒక్కడే చాలడని పేతురు నోరు తెరవకుండనే ప్రకటించుచుండెను. కాబట్టి అవిధేయత విశ్వాసము ప్రక్కన ఉండు వేరొక లోపము కాదు. నోటితో ఒప్పుకొన్న విశ్వాసమును కాళ్లతో కాదనుట.

మార్టిన్ లూథరు 1522లో వ్రాసిన పీఠికలో, ఇతర పత్రికలతో పోల్చి యాకోబు పత్రికను గడ్డివంటిదనెను. ఆ మహనీయుడు ఈ ఒక్క చోట తొందరపడెనని నాకు తోచును. క్రియలు లేని విశ్వాసము మృతమని చెప్పు యాకోబు 2వ అధ్యాయము ఎక్కడ మొదలగునో చూడుడి. బంగారు ఉంగరముతో వచ్చినవానికి మంచి చోటు, మాసిన బట్టలతో వచ్చిన బీదవానికి పాదపీఠము దగ్గర నేల! పౌలు భోజనపు బంతిలోను యాకోబు ఆరాధన స్థలములోను, ఇద్దరును కీలెరిగి వాత పెట్టిరి.

మన గ్రామ సంఘముల మాటయేమి? కొన్ని ఊళ్లలో రెండు పేటలకు రెండు గుడులు. క్రిస్మసు ప్రేమ విందునాడు వంట ఏ పేటవారు చేసిరని విచారించి లేచిపోవువారు కలరు. ప్రభువు బల్లయొద్ద గిన్నె ముందుగా ఎవరికి అందెనో కనిపెట్టువారు కలరు. అడిగినయెడల, మేము విశ్వసించినవారమే, కులము లోకాచారము మాత్రమేనందురు. ఆ జవాబు అంతియొకయలో చెల్లలేదు.

ఈ మాటలు చదివి కృంగిపోవువారును ఉందురు. నా విధేయత చాలదని ప్రభువు బల్లకే దూరముగా నిలుచు తల్లులను, పెద్దలను ఎరుగుదుము. అమ్మా, అయ్యా, సంఘమునకు స్తంభమని ఎంచబడిన పేతురే తప్పిపోయెను గదా! పౌలు ఆయనను వెలివేయలేదు. తప్పు చూపినది ఆయన మరల ఆ బంతిలోనే కూర్చుండుటకు.

పేతురు ఆ దినమున ఏమి బదులు చెప్పెనో గలతీ పత్రికలో లేదు. అయితే తన రెండవ పత్రిక చివర పౌలును పేర్కొనుచు, ఆయన అతనిని ప్రియమైన సహోదరుడనెను (2 పేతురు 3:15). అందరి యెదుట తన్ను నిలదీసినవానిని!