రక్తపరీక్ష ఏ ప్రమాణం?

ఆరోగ్యం అనే మాటను విడదీస్తే అందులో కనిపించేది ఒక నిషేధమే: రోగం లేకపోవడం. దానికి పర్యాయంగా వాడే స్వస్థత మాత్రం నిషేధం మీద కాక స్థితి మీద నిలుస్తుంది. స్వ అంటే తాను, స్థ అంటే నిలిచి ఉండడం కనుక, తనలో తాను కుదురుకుని ఉన్నవాడు స్వస్థుడు. సుశ్రుతసంహిత స్వస్థుణ్ని నిర్వచిస్తూ దోషాలు, జఠరాగ్ని, ధాతువులు, మలవిసర్జన సమంగా ఉండడంతో సరిపెట్టక, ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉండడాన్ని కూడా లక్షణంలో చేర్చింది. పరగడుపున రెండు మూడు గొట్టాల రక్తం ఇచ్చి, సాయంత్రానికి ఫోనులోకి వచ్చే అంకెల పట్టికలో తన ఒంటి సంగతంతా చదువుకోదలచిన నేటి మనిషి ఈ రెండింటిలో దేన్ని వెతుకుతున్నాడన్నది వైద్యం ఒక్కటే తేల్చగల విషయం కాదు. అది జ్ఞానసాధనాలను విచారించే ప్రమాణశాస్త్రానికి కూడా చెందిన ప్రశ్న.

ల్యాబు రిపోర్టులోని అంకె కంటికి ఎదురుగా ఉంటుంది కాబట్టి అది ప్రత్యక్షజ్ఞానమనిపిస్తుంది గాని, ఆ అంకెనుంచి రోగానికి వెళ్లే దారి అనుమానం, అంటే కనిపించిన గుర్తును బట్టి కనిపించనిదాన్ని నిశ్చయించడం. (వాడుక తెలుగులో అనుమానమంటే సందేహం, శాస్త్రంలో అది సందేహాన్ని తీర్చే సాధనం.) తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు బాలుర బోధకోసం రాసిన తర్కసంగ్రహంలో కనిపించే పాత ఉదాహరణనే తీసుకుంటే, పొగను చూసి కొండ మీద నిప్పు ఉందనడానికి, పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందనే వ్యాప్తి, అనగా తప్పని సాహచర్యం, ముందే తెలిసి ఉండాలి. నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉంటుందని తిప్పి చెప్పడం కుదరదు, ఎందుకంటే పొగ రావడానికి తడికట్టె కావాలి. ఇలా చాటున ఉండి వ్యాప్తిని చెడగొట్టే షరతును నైయాయికులు ఉపాధి అన్నారు. మూడు నెలల షుగరు పరీక్షగా పిలిచే హెచ్‌బీఏ1సీ ఇలాంటి అనుమానమే. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుందనీ, అంతకాలం రక్తంలోని చక్కెర దాని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూ పోతుందనీ నమ్మకం ఉన్నందువల్లే 6.5 శాతం దగ్గర మధుమేహం గీత గీయగలిగారు. ఎర్రకణాలు త్వరగా చితికిపోయే జబ్బు ఉన్నవారిలో ఈ అంకె ఉండవలసినదానికంటే తక్కువగానూ, ఇనుము లోపంతో రక్తం తగ్గినవారిలో ఎక్కువగానూ రావచ్చు. తడికట్టె ఇక్కడా ఉంది. రిపోర్టు దాన్ని చూపదు.

‘నార్మల్’ అన్న మాట సంగతి ఇంతకంటే చిక్కైనది. అది ఏదో ఉందని కాక, ఏదీ దొరకలేదని చెబుతుంది. భాట్టమీమాంసకులు, అద్వైతులు అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే వేరొక ప్రమాణాన్ని అంగీకరించారు: నేల మీద కుండ కనిపించకపోవడం వల్లనే అక్కడ కుండ లేదని తెలుస్తుంది. అయితే చీకటిగదిలో కుండ కనిపించనంత మాత్రాన అది లేదనడం చెల్లదు కనుక, ఉంటే తప్పక కనిపించి ఉండేదన్న యోగ్యత ఉన్నచోటే ఆ ప్రమాణం పనిచేస్తుందని వారు కట్టుదిట్టం చేశారు. మూత్రపిండాలు తమ శక్తిలో దాదాపు సగం పోగొట్టుకునేదాకా రక్తంలో క్రియాటినిన్ మామూలు హద్దుల్లోనే ఉండిపోవచ్చు. అంతవరకు ఆ పరీక్ష చీకటిగదిలో చూసిన చూపే. సుశ్రుతుడు చెప్పిన ప్రసన్నత విషయంలోనైతే ఏ గొట్టానికీ ఆ యోగ్యత లేదు, ఇకముందు వస్తుందన్న సూచనా లేదు.

ఆ మామూలు హద్దులు కూడా ప్రకృతి గీసినవి కావు. ఆరోగ్యవంతులనుకున్న కొందరి రక్తాన్ని కొలిచి, మధ్యనున్న 95 శాతం మందిని లోపల ఉంచి, రెండు కొసల్లోని 5 శాతాన్ని వెలుపల వదిలివేసే లెక్కలోంచి చాలా హద్దులు పుట్టాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలను ఏ జబ్బూ లేనివాడికి చేయిస్తే, కనీసం ఒకటైనా హద్దు దాటే అవకాశం 64 శాతం. ప్యాకేజీలో పరీక్షలు పెరిగేకొద్దీ జ్ఞానం పెరుగుతుందన్న ధీమాను ఈ ఒక్క లెక్క పడగొడుతుంది.

సందేహం లేనిదే విచారణ లేదన్నది ప్రాచీన న్యాయమతం. నవ్యన్యాయం దీన్ని కొంత సడలించి, మేఘగర్జన విన్నవాడు ముందు ఏ సందేహమూ లేకుండానే మేఘముందని గ్రహిస్తాడనీ, తెలిసినదాన్నే మళ్లీ అనుమానించి తెలుసుకోవాలన్న కోరిక కలిగినా అనుమానం సాగుతుందనీ చూపింది. లక్షణాలు లేనివారికి చేసే పరీక్షలను సమర్థించడానికి ఇది మంచి ఆధారమే. పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపుచుక్కలో థైరాయిడ్ లోపం బయటపడి, తొలి వారాల్లోనే మందు మొదలైతే బుద్ధిమాంద్యం తప్పుతుంది. ఆ బిడ్డకు లోపముందని అప్పటికి ఎవరికీ సందేహం ఉండదు. కాని జపాన్‌లో 1980ల నుంచి ఆరునెలల పిల్లల మూత్రాన్ని పరీక్షించి న్యూరోబ్లాస్టోమా అనే కణితిని ముందే పట్టే కార్యక్రమం దేశమంతటా సాగినప్పుడు, దొరికిన కణితుల్లో చాలావరకు వాటంతటవే కరిగిపోయేవని తరువాత తెలిసింది. అలాంటి పరీక్ష మరణాలను తగ్గించలేదని జర్మనీ, కెనడా అధ్యయనాలు 2002లో వెల్లడించాయి; ఆపై కొద్దికాలానికే జపాన్ దాన్ని ఆపివేసింది. కణితి ఉందన్న జ్ఞానం అక్కడ అబద్ధం కాదు. శస్త్రచికిత్సలను, ఘాటైన మందులను తట్టుకోవలసివచ్చిన కొందరు పిల్లలకు ఆ జ్ఞానంతో ప్రయోజనం లేకపోయింది. ఈ తేడా తెలియాలంటే కోరిక ఒక్కటే చాలదు. ఫలితం వస్తే ఏం చేయాలన్నది రక్తం తీయకముందే తెలిసి ఉండాలి.

జ్ఞానం సరైనదని దానంతట అదే తెలుస్తుందన్నారు మీమాంసకులు. కాదు, వెలుపలి ఆధారంతోనే తెలుస్తుందన్నారు నైయాయికులు. ప్రయోగశాలలు ఈ వివాదంలో నైయాయికుల పక్షమే. ముందుగా విలువ తెలిసిన నమూనాతో యంత్రాన్ని సరిచూసుకున్నాకే అవి రోగి రక్తాన్ని ముట్టుకుంటాయి, అంతా ముగిశాక కూడా ఫలితాన్ని రోగి లక్షణాలతో పోల్చి చూసుకోవాలని చాలా రిపోర్టుల అడుగున చిన్న అక్షరాల్లో ముద్రిస్తాయి.