తెగులు వచ్చినప్పుడు నిలుచుటయా, వెడలిపోవుటయా?

గుజరాతు రాష్ట్రమందలి సూరతు నగరమునకు దక్షిణ దిక్కున బమ్రోలి అను పేట యున్నది. ప్రక్కనున్న పాండేసర, ఉధ్నా పేటలవలెనే ఇదియు మరమగ్గముల మ్రోతతో రేయింబవళ్లు ప్రతిధ్వనించుచుండును. తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చిన నేతకుటుంబములు, ముఖ్యముగా పద్మశాలీలు, ఈ నగరమందు ఎంతో కాలముగా కాపురముండి, తాము సాంచాలని పిలుచు ఆ మగ్గములనే నమ్ముకొని బ్రదుకుచున్నారు. ఒరియావారును, ఇతర ప్రాంతములవారును వారి ప్రక్కనే పనిచేయుచుందురు.

1994వ సంవత్సరము సెప్టెంబరు నెల మూడవ వారములో ఈ నగరమందు ప్లేగు పుట్టెనను వార్త పొక్కెను. నగరమునకు ఉత్తరమున వేడ్ రోడ్డు ప్రాంతమందలి పేదల పేటలలో ఊపిరితిత్తులకు సోకు ప్లేగు కనబడెను. కొద్ది దినములలోనే లక్షలాది ప్రజలు రైళ్లనెక్కియు, బస్సులనెక్కియు పారిపోయిరి. స్వంతముగా వైద్యశాలలు నడుపుకొను వైద్యులలో అనేకులు సహితము తలుపులు మూసి వెళ్లిరి. ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్యులును నర్సులును అనేకులు నిలిచి రోగులను చూచుకొనిరి. దేశమంతట ఆ తెగులువలన మరణించినవారు అరువదిమందికి లోపలే యని ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. రోగముకంటె భయమే ఎక్కువమందిని తాకెను.

ఇట్టి సమయమందు విశ్వాసి యెదుట ఒక ప్రశ్న నిలుచును. వెడలిపోయినవాడు అవిశ్వాసియా? నిలిచినవాడు దేవుని శోధించినవాడా?

ఈ ప్రశ్నకు తొందరపాటుతో ఇయ్యబడు జవాబులు రెండు. దేవుడు కాపాడును గనుక కదలనక్కరలేదు, మందును అక్కరలేదు అనునది మొదటిది. ఇట్లు చెప్పువారు తొంబది యొకటవ కీర్తనను చేతబట్టుదురు. అయితే దేవాలయ శిఖరముమీద మన ప్రభువును శోధించినవాడు ఎత్తిచూపినదియు ఆ కీర్తననే యని మరువరాదు. వాగ్దానము నిజమే, దానిని సాకుగా చేసికొని క్రిందికి దుముకుటను మాత్రము ప్రభువు నిరాకరించెను. ఎవని ప్రాణము వానికి తీపి గనుక ఎవని దారి వాడు చూచుకొనవలెననునది రెండవ జవాబు. యెరికో మార్గమున ప్రక్కగా పోయిన యాజకుడును లేవీయుడును ఈ రెండవ జవాబునే తమ నడతచే చెప్పిరి.

రోగము పాపమునకు శిక్ష యని రోగిని నిందించుటయు ప్రభువునకు సమ్మతము కాదు. పుట్టు గ్రుడ్డివానిగూర్చి శిష్యులడిగినప్పుడును, సిలోయములోని గోపురము కూలి చచ్చినవారిగూర్చి మాటలాడినప్పుడును ఆయన అట్టి లెక్కను త్రోసివేసెను. కావున మురికిపేటలో తెగులు పుట్టెనని అచ్చటి పేదలను దోషులుగా ఎంచుట క్రైస్తవుని నోట రాదగిన మాట కాదు.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1527లో విట్టెన్‌బర్గు నగరమునకు ప్లేగు వచ్చినప్పుడు విశ్వవిద్యాలయము యేనా పట్టణమునకు తరలిపోయెను. మార్టిన్ లూథరును వెడలుమని ప్రభువైన ఎలెక్టరు కోరినను, ఆయన గర్భవతియైన భార్యతో అచ్చటనే నిలిచెను. ఆయన యిల్లు రోగులకు ఆశ్రయమాయెను. బ్రెస్లావు పట్టణపు కాపరియైన యోహాన్ హెస్సు అడిగినమీదట, ప్రాణాంతకమైన తెగులునుండి పారిపోవచ్చునా యను విషయమై ఆయన ఒక పత్రిక వ్రాసెను. అందలి సారాంశమిది: కాపరి, అధికారి, వైద్యుడు, రోగిని చూచుకొనవలసిన దాసుడు, బంధువు – వీరు తమ బాధ్యతచే కట్టుబడినవారు, వీరు విడిచిపోరాదు. తాను పోయినను పొరుగువానిని చూచువారు చాలినంతమంది యున్నచో ఇతరుడు పోవచ్చును, అది పాపము కాదు. మందు పుచ్చుకొనుట, ఇంటికి పొగవేయుట, అనవసరముగా రోగస్థలములకు పోకుండుట అవిశ్వాసము కాదు. రోగమున్నదని యెరిగియు దాచి నలుగురిలో తిరుగువాడు నరహంతకుని వంటివాడు.

లూథరు కాలమున ప్లేగు ఎట్లు వ్యాపించునో ఎవరును ఎరుగరు. చెడుగాలివలన అనుకొనిరి. 1894లో హాంకాంగు నగరమున అలెగ్జాండర్ యెర్సిన్ ఆ రోగక్రిమిని కనుగొనెను. 1898లో కరాచీ నగరమున పోల్ లూయీ సిమోన్ ఎలుకమీది గోమారియే దానిని మోసికొనిపోవునని చూపెను. నేడు ఆ మార్గము స్పష్టముగా తెలియును. క్రిమి గోమారి గొంతుకలో పెరిగి దారిని మూసివేయును. ఆకలిగొన్న గోమారి కుట్టినచోటనే మరల మరల కుట్టుచు, లోపలికి పోని రక్తముతోకూడ క్రిములను మనుష్యుని దేహములోనికి క్రక్కును. అవి గజ్జలలోనో చంకలలోనో చేరి బిళ్ళకట్టును. దేహమును కాపాడు తెల్లకణములలోనికి కొన్ని విషపు మాంసకృత్తులను చొప్పించి వాటిని పనికిరాకుండ చేయును. అచ్చటినుండి ఊపిరితిత్తులకు ప్రాకినయెడల రోగి దగ్గునుండి వెడలు తుంపరలే పొరుగువానికి సోకును. గోమారితో ఇక పనిలేదు. సోకినపిదప ఒకటి మొదలు నాలుగు దినములలో జ్వరము పుట్టును. జ్వరము పుట్టిన ఇరువదినాలుగు గంటలలో తగిన మందు పడనియెడల బ్రదుకుట అరుదు.

ఈ జ్ఞానము నీతిప్రశ్ననే మార్చివేయుచున్నది. వెడలిపోవువాడు పూర్వము తనకు కలుగు అపాయమునే తలచెను. ఇప్పుడో తన శ్వాస పొరుగువానికి ఏమి చేయునో తెలిసినవాడు. సూరతునందు రైలెక్కిన నేతగాడు తన తల్లిని చూడబోవుచు, ఆమెకు ఏమి తీసికొనిపోవుచున్నాడో యోచింపవలసియుండెను. ఎక్కువ తెలిసినవానియొద్ద ఎక్కువ అడుగబడునను ప్రభువు బోధ ఇచ్చటను వర్తించును. నన్ను దేవుడు కాపాడునా యను ప్రశ్నకంటె, నావలన ఎవరికి హాని కలుగును, నేను లేనందున ఎవరు దిక్కులేనివారగుదురు అను ప్రశ్నలే ముందు రావలెను.

మందునుగూర్చియు ఒక మాట. ఆ దినములలో సూరతునందు ప్రజలు దుకాణములయొద్ద గుమిగూడి కొనినది టెట్రాసైక్లిన్. క్రిమి తన మాంసకృత్తులను తయారుచేసికొనకుండ ఈ మందు అడ్డగించును. ఈ జాతి మందులలో మొదటిదియైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనశాలలో వెలువడెను. దానిని కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనలకు అధిపతిగా నుండినవాడు 1895లో భీమవరములో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆ యేటనే మరణించెను. సూరతునందలి తెలుగు నేతగాడు కాగితపు పొట్లములో తెచ్చుకొనిన గుళిక వెనుక ఒక తెలుగువాని శ్రమయున్నదని అతడు ఎరిగియుండడు. హిజ్కియా మరణకరమైన రోగములో ప్రార్థించినప్పుడు దేవుడు మొదట ఆయుష్షును వాగ్దానము చేసెను. తరువాత యెషయా పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించెను. వాగ్దానము ముద్దను త్రోసివేయలేదు. ప్రార్థించి మందు మ్రింగుట రెండు మనస్సులవాని పని కాదు.

అయితే నిలువుమని బోధించుట సులభము. సాంచ ఆగిన దినమున కూలి ఆగును; కూలి ఆగిన మూడవ దినమున పొయ్యి ఆగును. 2020 మార్చి నెలలో కరోనా నిమిత్తము దేశమంతయు మూయబడినప్పుడు సూరతులోని వలస కార్మికులు వేలకొలది వీధులలోనికి వచ్చి, తమను స్వగ్రామములకు పంపుమని మొరపెట్టిరి. వారిని భయస్థులని అనుట అన్యాయము. నిలువుమని చెప్పువారు నిలుచుటకు కావలసిన కూడును గూడును చూపవలెను. ఆకలిగొన్న సహోదరునికి సమాధానముతో వెళ్లుమని మాటమాత్రము చెప్పి పంపుటను యాకోబు పత్రిక ఖండించినది. సమాధానముతో నిలువుమని మాటమాత్రము చెప్పుటయు అట్టిదే.

ప్రేమ తెగులు వచ్చినప్పుడే గాక, రాకముందును పనిచేయును. 1995లో సూరతు మునిసిపల్ కమీషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు అధికారులను గదులనుండి వెడలించి ప్రతిదినము వీధులలో తిరుగునట్లు చేసెను. చెత్త తీయించెను, కాలువలు బాగుచేయించెను. 1996 నాటికి ఆ నగరము దేశములోని పరిశుభ్రమైన నగరములలో రెండవదిగా ఎంచబడెను. ఎలుకకు తిండి దొరకని వీధి పేదవానికి చేసిన మేలు. దానిని ఊడ్చువాని చీపురు సహితము సమరయుని నూనె ద్రాక్షారసములవంటిదే.

ప్లేగు నేడు అరుదు. అయితే మగ్గపుశాలలవంటి ఇరుకైన చోట్ల క్షయ ఇంకను తిరుగుచున్నది. సామాన్యమైన క్షయకు మందు సాధారణముగా ఆరు మాసములు వాడవలెను. రెండు మాసములకే దగ్గు తగ్గి, రోగి ఊరికి పోయి మందు మానివేసినయెడల, చావక మిగిలిన క్రిములు మందునకు లొంగనివగును. అవియే పిమ్మట అతని బిడ్డలకు సోకును. ఇచ్చట నిలుచుట యనగా ఆరు మాసములు మందును విడువకుండుట. సంఘము నిలుచుట యనగా అతడు ఏ ఊరికి పోయెనో కనుగొని, అచ్చట మందు దొరకునట్లు చూచి, అతనితో కూర్చుండి అన్నము తినుట.

కావున వెడలిపోయినవానికి తీర్పు తీర్చుటకు ముందు, అతడు ఎవరికి కట్టుబడియుండెనో, అతనిని ఎవరు ఆదుకొనిరో అడుగవలెను. పోదగినవాడు పొరుగువానికి హాని చేయకుండ పోవును గాక. నిలువవలసినవాడు ప్రార్థనతోను, మందుతోను, జాగ్రత్తతోను నిలుచును గాక. మన రోగములను భరించుటకు పరలోకమును విడిచి మన మధ్యకు వచ్చినవాడు ఈ యిద్దరికిని ప్రభువై యున్నాడు.