సముద్రము ముందుకు వచ్చునప్పుడు ధర్మమేది?

ధర్మము అనగా నిలబెట్టునది అని పెద్దలు చెప్పుదురు. కాలి క్రింద నేలయే నిలువనప్పుడు ధర్మము దేనిని నిలబెట్టవలెను? ఊరినా, ఊరిలోని మనుష్యులనా? ఫిజీ దీవులలో నేడు ఈ ప్రశ్న గ్రంథములలోనిది కాదు, గడప ముందరిది.

తెలుగువారికి ఉప్పెన అను మాట తెలియును. 1977 నవంబరులో దివిసీమపై వచ్చిన ఉప్పెన వేలమందిని బలిగొన్నది. అట్టి ఆపద హఠాత్తుగా వచ్చును. విన్నవారు పరుగున వచ్చి ఆదుకొందురు. సముద్రమట్టము పెరుగుట అట్టిది కాదు. భూమి వేడెక్కుటచే సముద్రజలము వ్యాకోచించుచున్నది, మంచు కరగుచున్నది. 1901 నుండి 2018 వరకు ప్రపంచమున సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. 2006 తరువాత ఆ వేగము ఏటికి 3.7 మిల్లీమీటర్లకు చేరినది. ఇది కంటికి కనబడదు. కాని పెద్ద పోటునాడును, తుఫానునాడును ఉప్పునీరు మునుపు చేరని చోటికి చేరును. మెల్లగా వచ్చు ఆపద ఆలోచించుటకు వ్యవధి ఇచ్చును. వ్యవధి ఉండియు ఆలోచింపకపోవుట దైవఘటన కాదు, కర్తవ్యలోపము.

వనువా లేవు దీవిలో వునిదోంగోలోవా అను చిన్న గ్రామము కలదు. అచ్చట కట్టిన సముద్రపు గోడ నీటిని ఆపలేకపోయినది. సంవత్సరముల సంప్రదింపుల పిమ్మట 2014లో ఊరంతయు సుమారు రెండు కిలోమీటర్ల దూరమున లోపలి మిట్టకు తరలినది. ప్రభుత్వము ధనసహాయము చేసినది. గ్రామస్థులు తమ అడవి కలప ఇచ్చిరి. కొత్త ఊరికి కెనాని అని పేరు పెట్టుకొనిరి. పూర్వుల సమాధులు మాత్రము పాత తీరముననే మిగిలినవి.

పూర్వుల నేలను విడుచుట పితృద్రోహము కాదా? ఈ ప్రశ్నకు గిర్మిట్ సంతతివారి చరిత్రలోనే ఉత్తరమున్నది. 1879 నుండి 1916 వరకు అరువది వేలమంది ఫిజీకి వచ్చిరి. 1903 నుండి మద్రాసు రేవున ఓడ ఎక్కినవారిలో తెలుగువారును కలరు. వారును శ్మశానములను, గ్రామదేవతలను విడిచి వచ్చినవారే. బిడ్డలను పెంచి, పూజను, భాషను నిలిపి పితృఋణము తీర్చుకొనిరి. కాని ఆ చరిత్రయే మరియొక పాఠమును చెప్పుచున్నది. ఎక్కడికి పోవుచున్నారో తెలియకయే వ్రేలిముద్ర వేసినవారు వారిలో అనేకులు. తెలియక ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు. తరలువారు తెలిసికొని అంగీకరించినప్పుడే తరలింపు ధర్మమగును. 2018లో ఫిజీ ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములు కూడ తరలింపును చివరి ఉపాయముగనే పేర్కొన్నవి.

రెండవ చిక్కు మరింత కఠినము. వునిదోంగోలోవా వారు తమ వంశపు భూమిలోనికే తరలిరి. ఫిజీలో సుమారు 87 శాతము భూమి ఇతౌకేయి వంశములది, దానిని అమ్మరాదు. చెరకు పండించు భారత సంతతివారిలో అనేకులు కౌలు భూమిపై బ్రతుకువారు. 1997 నుండి పాత కౌళ్ల గడువు తీరుట మొదలైనప్పుడు ఎందరో రైతులు పొలము విడిచి పట్టణముల అంచున పాకలు వేసికొనిరి. అట్టి కౌలుదారుని వాకిట ఉప్పునీరు చేరినచో అతడు ఏ మిట్టకు పోవలెను?

భూస్వామ్య వంశముల హక్కు న్యాయమైనది. ఆ భూమి పరులపాలు కాకుండ నిలిచినందుననే ఒక ఊరు తరలుటకు చోటు దొరికినది. కౌలుదారుని అవసరమును న్యాయమైనదే. రెండు న్యాయములలో ఒకదానిని అన్యాయమనుట సులభము. అది ధర్మము కాదు. కావున తీరప్రాంత ప్రణాళికలో భూమి ఎవరిదని మాత్రమే కాక, అందు ఎవరు నివసించుచున్నారని కూడ లెక్కింపవలెను. భూమిగలవారు, కౌలుదారులు, ప్రభుత్వోద్యోగులు ఒకే చాపపై కూర్చుండి, నీరు రాకముందే మాటలాడుకొనవలెను. దేవాలయ సంఘములును, పాఠశాల సంఘములును కొత్త మందిరము కట్టదలచినప్పుడు ముహూర్తముతో పాటు పోటునీరు చేరు హద్దును కూడ విచారింపవలెను. అలల బలమును తగ్గించు మడచెట్లను నరకనీయరాదు.

ఈ శతాబ్దాంతమునకు సముద్రమట్టము, 1995–2014 నాటి సగటుతో పోల్చగా, ఉద్గారములను మిక్కిలి తగ్గించినను 28 నుండి 55 సెంటీమీటర్లు, తగ్గింపక మిక్కిలి పెంచినచో 63 నుండి 101 సెంటీమీటర్లు పెరుగవచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ నీటిని చూడబోవువారు నేడు ఓనమాలు దిద్దుచున్న పిల్లలు. ఏ కౌలు పత్రములోను వారి పేరు లేదు. ఏ సభలోను వారికి ఆసనము లేదు. వారి పక్షమున నేడు మాటలాడువారే నిజమైన పెద్దలు.