పవిత్రత స్థలానిదా, ఆరాధనదా?

ఆరాధించే దేవుడు మారితే గుడి పవిత్రత మారుతుందా? సిసిలీ దీవి తూర్పు తీరాన ఉన్న పాత రేవు పట్టణం సిరక్యూస్‌లో ఈ ప్రశ్నకు రాతి సాక్ష్యం ఉంది.

క్రీ.పూ. 480లో హిమెరా యుద్ధంలో కార్తేజ్ సైన్యాన్ని ఓడించాక, సిరక్యూస్ గ్రీకులు ఒర్టీజియా అనే చిన్న దీవిపై ఎథీనా దేవతకు ఆలయం కట్టారు. క్రీ.శ. 7వ శతాబ్దిలో అది చర్చి అయింది. 878లో అరబ్బులు పట్టణాన్ని జయించాక మసీదుగా, 11వ శతాబ్ది చివర నార్మన్లు వచ్చాక మళ్లీ చర్చిగా మారింది. 1693 భూకంపంలో ముఖద్వార భాగం కూలితే, 18వ శతాబ్దిలో ఇప్పుడున్న బరోక్ ముఖభాగాన్ని కట్టారు.

మార్పు ఎలా జరిగిందో గోడలే చెబుతాయి. స్తంభాల మధ్య ఖాళీలను రాళ్లతో పూడ్చి బయటి గోడలు చేశారు. గర్భగుడి గోడలను తోరణాలుగా తొలిచి లోపల దారులు తీశారు. నిలువు గాడులు చెక్కిన లావాటి గ్రీకు స్తంభాలు నేటికీ గోడల్లోంచి సగం బయటికి కనిపిస్తాయి. జ్ఞానస్నానపు తొట్టి కూడా పూర్వం గ్రీకుల పాలరాతి పాత్రే. దాన్ని ఏడు చిన్న కంచు సింహాల మీద నిలిపారు.

మహిమ స్థలానిదేనని కొందరంటారు. ఎథీనా ఆలయానికి ముందే అక్కడ పూజలు జరిగిన ఆనవాళ్లు తవ్వకాల్లో దొరకడం వారి వాదానికి బలం. పవిత్రత విశ్వాసం వల్లే వస్తుందన్నది రెండో వాదం. గెలిచినవారు తమ ఆధిక్యం చాటుకోవడానికే ఓడినవారి గుడిని తీసుకున్నారన్నది మూడోది. ఇందులోనూ నిజముంది, ఓడినవారి బాధను దాచకూడదు.

ఒర్టీజియాలోనే ఉన్న అపోలో ఆలయం ఈ వాదాలను తూచడానికి పనికొస్తుంది. అదీ చర్చి అయింది, మసీదు అయింది, మళ్లీ చర్చి అయింది. కానీ స్పెయిన్ పాలకుల కాలంలో సైనిక బారకాసుగా మారి, క్రమంగా ఇళ్ల మధ్య మరుగున పడింది. ఇప్పుడక్కడ మిగిలినవి విరిగిన స్తంభాలు, గోడ ముక్కలే. ఎథీనా ఆలయం మాత్రం, పట్టణ రక్షకురాలైన పునీత లూసియాను కొలిచే ప్రధాన చర్చిగా, కప్పుతో సహా నిలిచి ఉంది.

స్థలం ఒక్కటే కాపాడగలిగితే రెండూ ఒకేలా నిలిచేవి. తరతరాల ఆరాధన, ఆదరణే పవిత్రతను నిలబెడతాయి. అందుకే ఏ ఒక్క మతమూ దాన్ని పూర్తిగా తన సొంతమనలేదు. ముందువారి స్తంభాన్ని చెరపకుండా అందరికీ కనబడనివ్వడం తర్వాత వచ్చినవారి ధర్మం.