అమెరికా సంకల్పంలో దేశకాలాలు

పూజ ఏదైనా సంకల్పంతోనే మొదలవుతుంది. ఆచమనం, ప్రాణాయామం అయ్యాక కర్త తానున్న చోటు, సంవత్సరం మొదలు తిథి వార నక్షత్రాల దాకా నడుస్తున్న కాలం, తన గోత్రనామాలు చెప్పుకొని, ఫలానా కర్మ చేస్తున్నానంటాడు. వాక్యం స్థిరం, అందులోని ఖాళీలు మనిషిని బట్టి, రోజును బట్టి, ఊరిని బట్టి నిండుతాయి. కంప్యూటర్‌లో టిడ్లీవికీలాంటి సొంత వికీలో మాక్రోకు, అంటే ఖాళీలున్న మూసకు, విలువ అందించే తీరూ ఇదే. కొటేషన్ గుర్తుల మధ్య రాసినది అక్షరాలుగానే వెళ్తుంది. అప్పటికప్పుడు తేలే విలువ కావాలంటే దాన్ని లెక్కగట్టించి పంపాలి. ప్రయోగ గ్రంథంలో ఉన్న ‘అముక గోత్రః’ (ఫలానా గోత్రంవాడు)ను ఉన్నదున్నట్టు చదివేసిన గృహస్థు అక్షరాలను పంపే ఆ మొదటి పనే చేస్తున్నాడు.

ఖాళీలో పడిన మాటకు మంత్రంతో సమానమైన హోదా ఉందా? వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు ఈ ప్రశ్నను ఎప్పుడో తేల్చారు. ఒక యాగంలోని మంత్రం మరో యాగానికి వచ్చినప్పుడు దేవత పేరు మారాలి: ‘అగ్నయే’ ఉన్నచోట ‘సూర్యాయ’ అనాలి. దీన్ని ఊహ అంటారు. జైమిని మీమాంసా సూత్రాల తొమ్మిదో అధ్యాయం దీని గురించే. పతంజలి వ్యాకరణ ప్రయోజనాలు ఐదింటిలో ఊహను ఒకటిగా లెక్కించాడు. అయితే రెండో అధ్యాయంలోనే జైమిని మరో మాట తేల్చాడు: ఊహించి చేర్చిన పదం, ప్రవర (గోత్రఋషుల పేర్లు), యజమాని పేరు వేదంలో పఠితం కావు కనుక మంత్రం కావు. వేదమంత్రం సంగతే ఇలా ఉంటే, ప్రయోగ గ్రంథాల సొత్తయిన సంకల్పం మాట చెప్పనక్కర్లేదు. మంత్రాన్ని విన్నట్టు పలకాలి. చేర్చిన మాట నిజమై ఉంటే చాలు.

అమెరికాలో చిక్కు ఇక్కడే వచ్చింది. తెలుగునాట జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణం, శ్రీశైలానికి ఫలానా దిక్కు అని చెప్పుకుంటూ పోతారు. తిరుమల తిరుపతి దేవస్థానాల సాయంతో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో వేంకటేశ్వరాలయం 1977లో వెలిసింది. అక్కడ నిలబడి భరతవర్షంలో ఉన్నామనడం కుదరదు. అమెరికాలో చాలామంది పురోహితులు క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం అంటున్నారు. పేర్లు గంభీరంగానే ఉన్నా పురాణ భూగోళంతో పొసగవు. భాగవతం లెక్కన క్రౌంచద్వీపం చుట్టూ ఉన్నది పాలసముద్రం. రమణకవర్షమేమో శాల్మలీద్వీపంలో ఉంది. అట్లాంటిక్‌ను పాలసముద్రం చేయడం కన్నా అమెరికా అని, ఒహాయో నది అని సూటిగా చెప్పడమే మీమాంసకు దగ్గర. కొందరు మిసిసిపి పేరు కలుపుతున్నారు కూడా.

కాలం విషయంలో ఇంత వెసులుబాటు లేదు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య పన్నెండు డిగ్రీల ఎడం. అది మారే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే. కానీ ఏ రోజుకు ఏ తిథి అన్నది స్థానిక సూర్యోదయం తేలుస్తుంది. కాబట్టి హైదరాబాద్ పంచాంగంలోంచి కాలమానాల తేడా గంటలు తీసేస్తే తిథి ముగిసే వేళ దొరుకుతుందే గాని రోజు దొరకదు. 2025 ఉగాదినే చూడొచ్చు. దృగ్గణితం ప్రకారం అమావాస్య ముగిసింది మార్చి 29న, భారత కాలమానంలో సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో. కనుక భారతదేశంలో పండుగ 30న. అదే క్షణం అమెరికా తూర్పు తీరంలో 29 ఉదయం 6:58. పిట్స్‌బర్గ్‌లో ఆ రోజు సూర్యుడు ఏడు దాటాక ఉదయించాడు, అప్పటికే పాడ్యమి వచ్చేసింది. న్యూయార్క్‌లో ఏడు కాకముందే, సుమారు 6:45కే ఉదయించాడు, అప్పటికింకా అమావాస్యే. మర్నాడు అక్కడ తెల్లవారేసరికి విదియ. అంటే న్యూయార్క్‌లో పాడ్యమి ఏ సూర్యోదయానికీ తగల్లేదు. కారులో ఆరేడు గంటల దూరంలో ఉన్న రెండు ఊళ్లలో ఉదయపు సంకల్పం ఒకటి కాదన్నమాట.

గోత్రం తెలియనివారికి కాశ్యపం చెప్పే ఆనవాయితీ ఉంది. ప్రజలంతా కశ్యప సంతానమే కనుక అది అబద్ధం కాదు. దేశకాలాలకు అలాంటి సర్దుబాటు లేదు. రికార్డు చేసిన వ్రతాన్ని ఫోన్‌లో పెట్టుకొని డల్లాస్‌లో పూజ చేసుకునేవారికి ఎప్పటిదో సంవత్సరం, ఎక్కడిదో నది వినిపిస్తాయి. అంతవరకు ఆడియో ఆపి, తమ ఊరి పంచాంగం చూసి, ఆ మాటలు తామే పలకాలి.