పానదాయకుని మరపు

మరచిపోవుట పాపమా? ఆదికాండము 40వ అధ్యాయము చదువునప్పుడెల్ల ఈ ప్రశ్న నన్ను బాధించుచుండును. చెరసాలలో కలభావము చెప్పిన యోసేపు కోరినది ఒక్కటే: మేలు కలిగినప్పుడు ఫరోతో తన సంగతి చెప్పుమని. పానదాయకుల అధిపతి అతనిని తలంచలేదనియు, మరచెననియు లేఖనము ఒకే వచనములో రెండు విధములుగా చెప్పుచున్నది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇతని పక్షమున కొంత వాదింపగలరు. జర్మనీ దేశస్థుడగు ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరకూటములను తానే వల్లెవేసి, తన జ్ఞాపకమును తానే పరీక్షించుకొని, 1885లో ఫలితములను ప్రకటించెను. తిరిగి నేర్చుటలో కలిసివచ్చు శ్రమ ఒక గంటకే సగముకంటె తక్కువయ్యెను. ఒక దినమునకు మూడవవంతు మిగిలెను. పిమ్మట తరుగుదల మెల్లగా సాగెను. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అను అమెరికా పండితులు, నేర్చిన వెంటనే నిద్రించినప్పుడు మరపు తక్కువయని కనుగొనిరి. అనగా కాలము మాత్రమే కాదు, వెనుక వచ్చి చేరు వ్యవహారములును మొదటిదానిని మరుగుపరచును. రాజనగరులో వ్యవహారములకు కొదువయా!

అయినను, చెప్పినట్లే మూడవ దినమున గిన్నె చేతికి వచ్చినవాడు, ఆ మాట చెప్పినవానిని మరచుట అక్షరకూటములను మరచుటవంటిది కాదు. బాధకరమైనదానిని మనస్సు తెలియకయే త్రోసివేయునని ఫ్రాయిడ్ 1901లో వ్రాసెను. మతమునుగూర్చి ఆయన చెప్పినది మనము అంగీకరింపము. ప్రతి మరపునకు ఇదే కారణమనుటకును ఆధారములు చాలవు. గాని ఇక్కడ ఆ మాట సరిగా తగిలినది. యోసేపును తలంచుట యనగా చెరసాలను, రాజు కోపమును, తన తప్పును తలంచుటయే. రెండు సంవత్సరములైన పిమ్మట ఫరో కలలే ఇతనికి ఆనవాలై నోరు తెరపించినప్పుడు, అతడు మొదట పలికినది తన తప్పిదములనుగూర్చియే.

మరపు మానవ స్వభావము. దేవుడు దాని నెరుగును. సంఖ్యాకాండము 15వ అధ్యాయములో బట్టల అంచులకు కుచ్చులు చేసికొనుమనుట, వాటిని చూచి ఆజ్ఞలను జ్ఞాపకము చేసికొనుటకే గదా. కావున పానదాయకుని దోషము జ్ఞాపకము జారిపోవుటలో లేదు. జారునని యెరిగియు ఏ ఆనవాలును పెట్టుకొనకపోవుటలో నున్నదని నా తలంపు.

"మీ కొరకు ప్రార్థించెదము" అని మందిరపు వాకిట ఎంత సులభముగా అందుము! ఒక ఆదివారము ఒక తల్లి ఆసుపత్రిలోనున్న తన బిడ్డ పేరు నాకు చెప్పెను. మరుసటి ఆదివారము ఆమె ముఖము చూచినప్పుడే ఆ పేరు నాకు స్ఫురించినది. "మీ ప్రార్థనలవలన నెమ్మదిగా నున్నదండి" అని ఆమె చెప్పగా తల వంచుకొంటిని. అప్పటినుండి పేర్లు కాగితముపై వ్రాసి బైబిలులో పెట్టుకొనుచున్నాను. ఆ కాగితము చూచుటయు కొన్ని దినములు మరతును.